సముద్రం దాటిన మూపురం

హ్యూస్టన్ నుంచి నైరుతి వైపు 59వ నంబర్ హైవే పట్టుకుని ముప్పావు గంట పోతే రోజెన్‌బర్గ్ వస్తుంది. దారిలో షుగర్ లాండ్. అక్కడిదాకా మనవాళ్ళకి బాగా తెలిసిన టెక్సస్: గుడి, ఇండియన్ గ్రోసరీ, ఒకేలా ఉండే ఇటుక ఇళ్ళు, వారాంతం బిర్యానీ. అది దాటాక ఇళ్ళు పలచబడి పొలాలు మొదలవుతాయి. ఏటా సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి అక్టోబరు మొదటి వారం దాకా రోజెన్‌బర్గ్‌లో ఫోర్ట్ బెండ్ కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. కౌంటీ అంటే మన లెక్కలో తాలూకాకి ఎక్కువ, జిల్లాకి తక్కువ. ఫెయిర్‌లో భాగంగా రాత్రిళ్ళు రోడియో ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ వైపు పోలేదు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగినదాన్ని. ఎద్దుని దగ్గర్నుంచి చూసిందల్లా సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చినప్పుడే.

మొన్నటేడు వెళ్ళడానికి కారణం పెదనాన్న. అద్దంకి దగ్గర పల్లె ఆయనది. కొడుకు దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చాడు. నాసా చూపించాం, గాల్వెస్టన్ సముద్రం చూపించాం, మాల్స్ చూపించాం. అన్నీ చూసి, "ఇంత గడ్డి ఉంది కదమ్మాయ్, గొడ్లు ఏవి?" అన్నాడు. నిజమే. టెక్సస్ అంటే లోకమంతా ఆవులూ గుర్రాలూ అనుకుంటుంది. మేం ఇన్నేళ్ళలో చూసింది స్టీక్ మాత్రమే.

ఫెయిర్‌లోకి అడుగుపెట్టగానే నూనెలో పిండి వేగే వాసన. ఫన్నెల్ కేక్ అంటారు దాన్ని. జంతికకీ జిలేబీకీ మధ్యలో ఎక్కడో ఆగిపోయిన వంటకం, పైన పంచదార పొడి. జెయింట్ వీలు, గాలి తుపాకీతో బెలూన్లు కొట్టే అంగళ్ళు, తప్పిపోయిన పిల్లల గురించి మైకులో కేకలు. పెదనాన్న చుట్టూ చూసి, "మన తిరునాళ్ళే. దేవుడు లేడంతే" అన్నాడు. దేవుడు తర్వాత వచ్చాడు. రోడియో మొదలయ్యే ముందు జెండా పట్టుకుని గుర్రం మీద ఒకమ్మాయి మైదానం చుట్టి వచ్చాక, వేలమంది టోపీలు తీసి ప్రార్థన చేశారు.

ఈ ఫెయిర్ అనే వ్యవహారానికి అమెరికాలో ఒక పుట్టుక కథ ఉంది. 1807లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఎల్కానా వాట్సన్ అనే పెద్దమనిషి తాను తెప్పించుకున్న రెండు మెరినో గొర్రెల్ని తెచ్చి ఊరి మధ్యలో నిలబెట్టాడు. చూడ్డానికి జనం ఎగబడ్డారు. రెండు గొర్రెలకే ఇంతమంది వస్తే ఊళ్ళోని పశువులన్నీ వరసగా నిలబెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనలోంచి 1811 కల్లా బెర్క్‌షైర్ వ్యవసాయ సంఘం, దాని ఏటేటా పశు ప్రదర్శన వచ్చాయి. యూరప్ సంతల్లో ప్రధానం కొనడం, అమ్మడం. వాట్సన్ దానికి పోటీని జోడించాడు. ఎవరి గొడ్డు మంచిదో తేల్చడం, బహుమతి ఇవ్వడం, చూసిన రైతు ఇంటికెళ్ళి తన మందని బాగుచేసుకోవడం. వినోదం ముసుగులో వ్యవసాయ పాఠం. తర్వాత జెయింట్ వీలు పాఠాన్ని మింగేసిందనుకోండి, అది వేరే సంగతి.

పశువుల షెడ్లలో మాత్రం ఆ పాఠం ఇంకా బతికే ఉంది. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు నీలం కార్డురాయ్ జాకెట్లు వేసుకుని తాము పెంచిన దూడల్ని, పందుల్ని, గొర్రెల్ని తోముతున్నారు. ఒకమ్మాయి గిత్తకి హెయిర్ డ్రయర్ పెట్టి వెంట్రుకలు పైకి దువ్వుతోంది. జాకెట్ల వీపున ఎఫ్.ఎఫ్.ఏ. అని కుట్టి ఉంది: భావి రైతుల సంఘం. 1928లో మొదలైంది. ఈ షెడ్లలో నిలబడినప్పుడు గుర్తుచేసుకోవాల్సిన ఇంకో సంఘం ఉంది. దక్షిణాది బడుల్లో నల్లపిల్లలకి దీనిలో చోటు లేక 1935లో వాళ్ళు వేరే జాతీయ సంఘం పెట్టుకున్నారు. రెంటినీ కలిపింది 1965లో. కలిపారంటే, చిన్నది పెద్దదానిలో కలిసి పేరు పోగొట్టుకుంది.

పెదనాన్న ఈ షెడ్లలో నగరం చూపించిన మా మొహాలు మర్చిపోయి పూర్తిగా తన లోకంలోకి వెళ్ళిపోయాడు. ప్రతి గిత్త దగ్గరా ఆగుతాడు. వీపు చూస్తాడు, కాళ్ళు చూస్తాడు. ఒకదాని నోరు చూపించమని సైగ చేస్తే ఆ కుర్రాడు నవ్వుతూ మూతి ఎత్తి పట్టుకున్నాడు. "రెండు పళ్ళది" అని నాకు చెప్పాడు. మా ఊళ్ళ వైపు బండలాగుడు పోటీలకి ఎడ్లను విడదీసేది పళ్ళను బట్టే: పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడిది లేదు గానీ పళ్ళ దగ్గర కలిశారు.

వేలం మొదలైంది. వేలంపాట పాడేవాడి నోట్లోంచి అంకెలు గొలుసులా పడుతుంటాయి, అర్థం కావు. బజారు ధర కంటే చాలా ఎక్కువ పెట్టి ఊళ్ళోని వ్యాపారస్తులు కొంటారు. ఆ డబ్బు పిల్లల కాలేజీ చదువుకి. హెయిర్ డ్రయర్ అమ్మాయి గిత్త వంతు వచ్చింది, మంచి ధరే పలికింది. ఆమె తాడు పట్టుకుని నవ్వుతూ ఫోటోకి నిలబడింది. పక్కకి వచ్చాక దాని మెడలో మొహం పెట్టి ఏడ్చింది.

"పెంచుకోడానికి కొన్నారా?" అన్నాడు పెదనాన్న.

"కాదు. కోతకి."

"ఆ పిల్లకి తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు, పెదనాన్నా. అందుకే పెంచుతారు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మాగాణికి అద్దె ట్రాక్టరు తోలించడం మొదలుపెట్టిన రెండో ఏడు, 1998లో, తన ఆఖరి జతని సంతలో అమ్మాడట. కొన్నవాడు ఏ ఊరని అడిగాడు గానీ ఎందుకని అడగలేదట. "వాడూ చెప్పలా. పిల్లే నయం."

*

రోడియో అన్న మాట స్పానిష్‌ది. 'రొదెయార్' అంటే చుట్టుముట్టడం. కంచెలు లేని కాలంలో ఎక్కడెక్కడో మేసే పశువుల్ని చుట్టుముట్టి ఒకచోటికి తోలి, ఎవరివి వాళ్ళు విడదీసుకుని, దూడలకి ముద్రలు వేసే పనికి ఆ పేరు. కౌబాయ్ అని మనం సినిమాల్లో చూసిన మనిషి వాడే ప్రతి వస్తువుకీ ఇలాంటి పూర్వీకులున్నారు. లాసో, లారియట్, చాప్స్, రాంచ్, స్టాంపీడ్ అన్నీ మెక్సికన్ పశువుల కాపరుల నోటినుంచి ఇంగ్లీషులోకి దిగినవే. ఆ కాపరిని 'వకేరో' అనేవారు. టెక్సస్ మెక్సికోలో భాగంగా ఉన్నప్పుడే అతని పద్ధతులు ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. 1836 తర్వాత జెండా మారింది. తాడు మారలేదు.

అంతర్యుద్ధం 1865లో ముగిసేసరికి టెక్సస్ నిండా యజమాని తెలియని పొడుగు కొమ్ముల పశువులు. ఇక్కడ వాటికి విలువ లేదు, ఉత్తరాది నగరాల్లో మాంసానికి గిరాకీ. 1867లో కాన్సస్‌లోని అబిలీన్‌లో రైలెక్కించే ఏర్పాటు జరగడంతో మందల్ని వందల మైళ్ళు నడిపించుకుంటూ పోవడం మొదలైంది. ఇంత పురాణం పుట్టించిన ఆ కాలం మొత్తం చూస్తే ఇరవై ఏళ్ళు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళ తీగకి పేటెంట్ తీసుకున్నాడు. కంచెలొచ్చాయి, రైళ్ళు టెక్సస్‌లోపలికే వచ్చాయి, టెక్సస్ పశువుల వెంట ఏదో జ్వరం వస్తోందని కాన్సస్ తలుపులు మూసింది. ఆ జ్వరం కథలోకి మళ్ళీ వస్తాను.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మందలు నడిపించడం ఆగిపోతున్న రోజుల్లోనే పని ఆటగా మారుతోంది. 1882 జులై 4న నెబ్రాస్కాలో బఫెలో బిల్ పెద్ద ప్రదర్శన పెట్టాడు. 1883లో టెక్సస్‌లోని పేకోస్‌లో పోటీ, 1888లో అరిజోనాలోని ప్రెస్కాట్‌లో పోటీ. మొదటి రోడియో మాదంటే మాదని ఆ రెండూళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటాయి. 1897లో షయాన్. పని ఉన్నంతకాలం దానికి టికెట్ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆటగా మారేటప్పుడు ఏది మిగిలింది, ఎవరు మిగల్లేదు అనేది అసలు ప్రశ్న. స్టాండ్స్‌లో కూర్చుని వింటుంటే అనౌన్సర్ 'మన తాతల వారసత్వం' అని పదే పదే అంటున్నాడు. ఎవరి తాతలు? పడమటి దారుల్లో నడిచిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్ళని చరిత్రకారుల అంచనా. ఈ కోస్తా టెక్సస్‌లో అయితే అంతర్యుద్ధానికి ముందే పశువుల పని చేసింది బానిసలు. మేం దాటి వచ్చిన షుగర్ లాండ్ పేరులోని పంచదార కూడా అలాంటిదే. బానిసత్వం రద్దయ్యాక ఖైదీల్ని చెరుకు తోటలకి అద్దెకిచ్చేవాళ్ళు. 2018లో అక్కడ ఒక స్కూలు కట్టడానికి తవ్వుతుంటే అలా చచ్చిపోయిన 95 మంది నల్లవాళ్ళ అవశేషాలు బయటపడ్డాయి. మా కజిన్ ఇల్లు అక్కడికి పది నిమిషాలు.

గుర్రం మీద దౌడు తీస్తూ పక్కన పరిగెత్తే గిత్త మీదికి దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి కూలదోసే పోటీ ఉంది. ఇది ఎవరు మొదలుపెట్టారో పేరు చెప్పగలం: బిల్ పికెట్. 1870లో టెక్సస్‌లో పుట్టిన నల్ల కౌబాయ్. వేటకుక్క గిత్త మూతి కొరికి పట్టుకుని లొంగదీయడం చూసి, తానూ దాని పెదవి పళ్ళతో కొరికి పట్టి పడేసేవాడు. ఒక్లహోమాలోని 101 రాంచ్ ప్రదర్శనతో దేశదేశాలు తిరిగాడు. నల్లవాడని తెలిస్తే కొన్నిచోట్ల పోటీకి రానిచ్చేవారు కాదు, అందుకని వేరే జాతివాడని చెప్పి దింపేవారు. 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. 1971లో గాని రోడియో గౌరవ శాలలో పేరెక్కలేదు. ఆ తర్వాతి మర్యాద ఇంకా బాగుంటుంది. 1994లో అతని పేరు మీద తపాలా బిళ్ళ వచ్చింది. దాని మీద ఉన్న బొమ్మ అతని తమ్ముడు బెన్‌ది. బిళ్ళల్ని వెనక్కి తీసుకుని మళ్ళీ అచ్చువేశారు.

రోజెన్‌బర్గ్‌లో ఆ రాత్రి తాడు విసిరినవాళ్ళలో సగం పేర్లు స్పానిష్ పేర్లు. స్టాండ్స్‌లో మా ముందు వరసలో మూడు తరాల నల్ల కుటుంబం, తాత నుంచి మనవరాలి దాకా అందరికీ టోపీలు, బూట్లు. వాళ్ళకి ఇది ఎవరో చెప్పాల్సిన వారసత్వం కాదు. మర్టిస్ డైట్‌మన్ అనే టెక్సస్ నల్ల రైడర్ 1966లో జాతీయ ఫైనల్స్‌కి చేరేదాకా ఆ మెట్టు ఏ నల్లవాడూ ఎక్కలేదు. ఆబోతు స్వారీలో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి నల్లవాడు చార్లీ శాంప్సన్, 1982లో. అనౌన్సర్ మాటల్లో ఈ పేర్లు రాలేదు.

ఒక చిన్న సంగతి, నాకు నచ్చింది కాబట్టి: 1936లో బోస్టన్ గార్డెన్‌లో బహుమతి డబ్బు చాలడంలేదని రోడియో కౌబాయ్‌లు సమ్మె చేశారు. పెట్టుకున్న సంఘం పేరు తాబేళ్ళ సంఘం. కూడడానికి చాలా కాలం పట్టినా చివరికి మెడ బయటపెట్టాం కదా అని ఆ పేరు. ఒంటరి వీరుడని సినిమాలు చెప్పే కౌబాయ్‌కి యూనియన్ ఉండేదన్నమాట.

దూడని తాడేసి పట్టే పోటీ నేను సరిగా చూడలేకపోయాను. చిన్న దూడ ప్రాణభయంతో పరిగెడుతుంది, మెడకి ఉచ్చు బిగుస్తుంది, విసురుకి వెనక్కి పడుతుంది. రైడర్ గుర్రం దిగి పరిగెత్తి దాన్ని ఎత్తి పడేసి మూడు కాళ్ళు కలిపి కడతాడు. చేతులెత్తేస్తాడు, చప్పట్లు. ఇది నిజంగా పొలంలో పనే. ముద్ర వేయాలన్నా మందు వేయాలన్నా దూడని పట్టి కట్టాలి కదా అని రోడియో పక్షం వాదన. పెదనాన్న ఆ వాదన వినకుండానే జవాబు చెప్పాడు. "మందెయ్యాలంటే మేమూ పడేసి కట్టేవాళ్ళమే. గడియారం పెట్టుకుని కాదు."

*

చివరగా ఆబోతు స్వారీ. ఇది ఒక్కటి మాత్రం ఏ రాంచ్‌లోనూ ఎప్పుడూ పని కాదు. ఆబోతు ఎక్కాల్సిన అవసరం ఏ కాపరికీ రాలేదు. మెక్సికన్ ఉత్సవాల్లోని ఆట ఇటు వచ్చి రోడియోకి కిరీటమైంది. ఎనిమిది సెకన్లు, ఒక్క చెయ్యే తాడు మీద, రెండో చెయ్యి దేనికీ తగలకూడదు. నూరు మార్కుల్లో సగం ఆబోతువి. అది ఎంత బాగా ఎగిరితే రైడర్‌కి అంత లాభం. తుంటి ముందు, పొట్ట చుట్టూ ఒక పట్టీ కడతారు. వృషణాలకి కడతారని చాలామంది నమ్మకం, అది నిజం కాదు. దాన్ని చికాకు పెట్టడానికే కడతారన్నది మాత్రం నిజం.

ఇనుప గేటు తెరుచుకుంది. బూడిదరంగు శరీరం, మెడ దగ్గరికి నలుపు తిరిగింది. వేలాడే గంగడోలు. గాల్లోకి లేచి మెలి తిరిగినప్పుడు దాని భుజాల మీద ఏదో పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది. నేను రైడర్ని చూస్తున్నాను. పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్! మూపురం చూడు! ఇది మనది!"

వెనక వరస వాళ్ళు కూర్చోమన్నారు. ఆయనకి వినపడలేదు.

మూపురం యూరప్ పశువులకి ఉండదు. స్పానిష్ వాళ్ళు తెచ్చిన పొడుగు కొమ్ముల పశువులకీ లేదు. అది ఉన్నదంటే ఆ రక్తం ఎక్కడో మన ఉపఖండం నుంచి వచ్చి ఉండాలి. ఆ దారి వెతికితే మళ్ళీ ఈ 59వ నంబర్ హైవే మీదికే వచ్చాను.

కాన్సస్ తలుపులు మూయించిన జ్వరం గురించి చెప్పాను కదా. టెక్సస్ జ్వరం అనేవారు. స్థానిక పశువులు దాన్ని తట్టుకునేవి, బయటినుంచి తెచ్చిన మేలుజాతి యూరప్ పశువులు పిట్టల్లా రాలిపోయేవి. గోమారి (పిడుదు అని కూడా అంటారు, గొడ్ల ఒంటిని పట్టుకు వేలాడే పురుగు) ద్వారా అది పాకుతుందని 1893లో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించారు. ఒక పురుగు రోగాన్ని మోస్తుందని వైద్యశాస్త్రం గట్టిగా తేల్చిన తొలి సందర్భాల్లో అదొకటి. దోమ, మలేరియా లెక్క తేలింది దాని తర్వాతే.

రోజెన్‌బర్గ్ దాటి ఇంకా ముందుకి పోతే వార్టన్ కౌంటీలో పియర్స్ అని చిన్న ఊరుంది. షాంఘై పియర్స్ అనే పశువుల ఆసామి పేరు మీద వెలిసింది. ఆరడుగుల మనిషి, పెద్ద గొంతు, బతికుండగానే తన విగ్రహం చేయించి తన సమాధి స్థలంలో నిలబెట్టుకున్న రకం. యూరప్ తిరిగొచ్చాక, ఈ గోమారి బాధ పడని పశువులు ఇండియావేనని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. 1900లో పోయాడు. ఆ కోరిక తీర్చింది మేనల్లుడు ఏబెల్ బోర్డెన్. ఇండియాకి వెళ్ళి పశువుల్ని కొని 1906లో ఓడలో న్యూయార్క్ రేవుకి తెచ్చాడు. అక్కడ క్వారంటైన్‌లో సుర్రా అనే జబ్బు బయటపడి కొన్నిటిని చంపేశారు. చివరికి టెక్సస్ చేరినవి 33. ముప్పై ఆబోతులు, మూడు ఆవులు.

అంతకుముందూ వచ్చాయి. 1854లో లూసియానాలో రిచర్డ్ బారో అనే ప్లాంటర్‌కి బ్రిటిష్ ప్రభుత్వం రెండు ఇండియన్ ఆబోతుల్ని బహుమతిగా పంపింది. పత్తి, చెరుకు సాగు మెళకువలు ఇండియాలో వాడుకోడానికి ఒక బ్రిటిష్ అధికారికి నేర్పినందుకు. ఆ రోజుల్లో లూసియానాలో పత్తి, చెరుకు మెళకువలు ఎవరి చేతుల్లో ఉండేవో వేరే చెప్పక్కర్లేదు. బానిసల చేతిపని ఇండియాకి పాఠంగా పోయింది, ఇండియా రైతుల ఆబోతు ఇటు కానుకగా వచ్చింది. మధ్యలో ఇద్దరు దొరలు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

1920ల మధ్యలో బ్రెజిల్ నుంచి మెక్సికో మీదుగా ఇంకా పెద్ద మందలు దిగాయి. గుజరాత్‌వి, గిర్‌వి, నెల్లూరువి. వీటన్నిటినీ కలిపి, స్థానిక ఆవులతో దాటించి తయారు చేసిన జాతికి ఒక పేరు కావాల్సి వచ్చింది. 1924లో హ్యూస్టన్‌లో పెంపకందార్ల సంఘం పెట్టినప్పుడు జె. డబ్ల్యూ. శార్ట్‌వెల్ అనే ఆయన సూచించిన పేరు ఖాయమైంది: బ్రాహ్మన్. అవును, అదే. మాంసం కోసం పెంచే పశువుల జాతికి ఆ పేరు. పాత టెక్సస్ రైతులు 'బ్రామర్' అంటారు. తర్వాత దీన్ని ఇంకా కలిపారు. మూడు వంతులు బ్రాహ్మన్, అయిదు వంతులు ఆంగస్ అయితే బ్రాంగస్. అదే పాళ్ళలో షార్ట్‌హార్న్‌తో కలిపి కింగ్ రాంచ్ వాళ్ళు చేసింది శాంటా గెర్ట్రూడిస్. గ్రోసరీలో మనం దాటిపోయే మాంసం ప్యాకెట్లలో ఈ సంకరం ఎంతో ఉంటుంది.

రోడియోలోకి ఇవి వచ్చింది కూడా 1920లలోనే. వదులు చర్మం వల్ల రైడర్ పట్టు జారుతుంది, శరీరం ఊహించని దిక్కుకి తిరుగుతుంది. అంతకుముందు వాడిన గిత్తలు మనిషిని పడేసి తమ దారిన పోయేవి. ఇవి పడిపోయినవాడి మీదికి తిరిగొచ్చేవి. దాంతో అప్పటిదాకా జోకులు చెప్పి నవ్వించే క్లౌన్ పని మారిపోయింది. ఆబోతు దృష్టి తన మీదికి మళ్ళించుకుని మనిషి ప్రాణం కాపాడటం అతని ఉద్యోగమైంది. ఇప్పుడు తన్నే గుణం కోసమే వంశవృక్షాలు రాసి పెంచుతున్నారు.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆ బూడిదరంగు ఎక్కువగా గుజరాత్ కాంక్రేజ్ నుంచి వచ్చి ఉండొచ్చని, అన్నీ కలిసిపోయాయని, ఒంగోలు పాలు ఎంతో విడిగా చెప్పలేమని. ఆయన విసుక్కున్నాడు. "పెళ్ళి సంబంధమా గోత్రం చూడ్డానికి? మూపురం ఉందా లేదా!"

నెల్లూరు అన్న పేరు ఎందుకంటే, ఆ పశువులు విదేశాలకి పోవడం మొదలైన నాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాకి మారింది, 1970లో సొంత జిల్లా అయింది. బ్రెజిల్ వాళ్ళకి మన జిల్లాల పునర్విభజనతో పని లేదు కాబట్టి అక్కడ అది నెలోరే గానే ఉండిపోయింది. 1868లో ఇంగ్లండు వెళ్ళే ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగి రెండు ఒంగోలు పశువుల్ని అమ్మేసిందని వాళ్ళ చరిత్ర. 1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో మన జతని చూసి మనసు పడ్డాడు. 1960ల మొదట్లో జరిగిన చివరి పెద్ద దిగుమతిలో వెళ్ళిన ఆబోతుల పేర్లు నెలోరే వంశవృక్షాల్లో ఇప్పటికీ కనపడతాయి: కర్వాది, గోధావరి, ఆకాసము. కర్వాది అంటే ఒంగోలు పక్కన కరవది గ్రామం. ఆ పేరు గల ఆబోతు సంతానం ఇప్పుడు లెక్కకి అందదు. బ్రెజిల్ పశువుల్లో అత్యధిక భాగం నెలోరే, లేదా నెలోరే కలిసినవి. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్ముడైన ధరని బట్టి మొత్తం విలువ సుమారు 2.1 కోట్ల రియాల్స్ అని లెక్కగట్టి గిన్నిస్ వాళ్ళు లోకంలో అత్యంత ఖరీదైన ఆవుగా నమోదు చేశారు. మన పేపర్లు ఆ రోజు 'ఒంగోలు ఆవు' అని మురిసిపోయాయి.

మురిపెం సరే. ఆ జాతి మన నల్లరేగడిలో నాగలి లాగడానికి, బరువు బండి లాగడానికి తరతరాలుగా ఎంచి పెంచినది. ట్రాక్టరు రాగానే ఆ పని పోయింది. గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశంలో చదలవాడలో ప్రభుత్వ క్షేత్రాలు జాతిని నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నాయి. బయట మాత్రం మేలైన ఒంగోలు గిత్తని పెంచేది ఎక్కువగా బండలాగుడు కోసమే. ఉలవలు పెట్టి, రోజూ నడిపించి, లక్షలు పోసి. పోటీలు ఆపితే జాతి పోతుందని పెంచేవాళ్ళు అంటారు, హింస అని అవతలివాళ్ళు అంటారు. జల్లికట్టు లాంటి ఆటల మీద సుప్రీంకోర్టు 2014లో ఒక మాట, 2023లో ఇంకో మాట చెప్పింది. నాకు రెండు పక్షాలూ ఒక సంగతి దాటేస్తున్నట్టు అనిపిస్తుంది. బండ లాగే ఎడ్లు గ్రామానికి పది జతలు. నాగలికి ఉన్నప్పుడు ఇంటికో జత. మిగిలిన గొడ్లన్నీ 1998 నాటి సంతలాంటి చోట్ల ఏమయ్యాయన్నది ఏ కోర్టు ముందుకీ రాలేదు. ఫోర్ట్ బెండ్ షెడ్లో హెయిర్ డ్రయర్ పట్టుకున్న పిల్లకి తన గిత్త ఎక్కడికి పోతుందో తెలుసు, ధర తెలుసు, కొన్నవాడి పేరు తెలుసు. అది దయ అని నేననను. లెక్క అంటాను.

తర్వాతి ఆదివారం పెదనాన్నని అదే హైవే మీద ఇంకా కిందికి తీసుకెళ్ళాను. హంగర్‌ఫర్డ్ ఊరు ఈ బ్రాహ్మన్ పెంపకానికి పేరు మోసింది. అది దాటి వార్టన్, అది దాటి పియర్స్. పియర్స్‌లో ఆగి చూడ్డానికి పెద్దగా ఏం లేదు. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క ఒక పచ్చికలో ముప్పై, నలభై బూడిదరంగు ఆవులు మేస్తున్నాయి. కారు ఆపమన్నాడు. దిగి ముళ్ళ తీగ దాకా నడిచి, నాలుక అంగిటికి కొట్టి, ఊళ్ళో గొడ్లని అదిలించే శబ్దం చేశాడు. రెండోసారి చేశాడు. ఒకటి తలెత్తి చెవులు కదిపి చూసింది. తర్వాత మళ్ళీ గడ్డిలో పడింది.